ఒక్క గ్లాసులో లీటరు మందు

ఆ పాకెట్టు ఇచ్చింది నేనే. ఎలా కలపాలో చెప్పిందీ నేనే. కాబట్టి తప్పెవరిదని వెతుక్కుంటూ నేను ఎక్కువ దూరం పోనక్కర్లేదు.

ఉత్తరాంధ్రలో ఒక ప్రభుత్వ ఆస్పత్రి, పిల్లల వార్డు. నేనక్కడ నర్సుని. తొలకరి వానలు పడి ఊళ్ళల్లో బావుల్లోకి కొత్తనీరు దిగిన రోజులు. ఏటా ఆ నెలలో మా వార్డు నీళ్ళ విరేచనాల పిల్లలతో నిండిపోతుంది. మంచానికి ఇద్దరు, ఒక్కోసారి అడ్డంగా ముగ్గురు. పదకొండు నెలల బాబు ఒకడు రెండు రోజులుండి కోలుకున్నాడు. డిశ్చార్జి రాశారు. వాళ్ళమ్మకు ఇరవై ఏళ్ళుంటాయేమో. చీటీ చేతిలో పెట్టి, "ఈ ఓఆర్‌ఎస్ పాకెట్టు లీటరు నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా పట్టమ్మా. జింకు బిళ్ళ రోజుకొకటి, 14 రోజులు. తెలిసిందా?" అన్నాను. తలూపింది. అవతలి మంచం దగ్గర సెలైన్ ఎక్కించే కాన్యులా ఊడిపోయిందని ఎవరో కేకేస్తున్నారు. వెళ్ళిపోయాను.

మూడో రాత్రి ఆ బాబు ఫిట్స్‌తో తిరిగొచ్చాడు. రక్తంలో సోడియం, అంటే ఉప్పు, చాలా ఎక్కువగా ఉంది. ఏం పట్టావమ్మా అని డ్యూటీ డాక్టరు గారు అడిగితే, ఆ అమ్మాయి ఆయన వైపు కాక నా వైపు చూసి చెప్పింది.

"లీటరు నీళ్ళంటే ఈ గుంటడు తాగుతాడేటి సిస్టరమ్మా? గ్లాసుడు తాగితే గొప్ప. మందంతా కడుపులోకి ఎల్లాల కదా అని గ్లాసులోనే కలిపీసినాను."

లీటరులో కలపాల్సింది 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే ఉప్పు ఐదింతలు అవుతుంది. బాబు బతికాడు. అయితే ఐదు రోజులు పట్టింది, ఎందుకంటే పెరిగిన సోడియాన్ని ఒక్కసారిగా దించితే మెదడు వాచే ప్రమాదం ఉంది. మెల్లగా, పరీక్ష మీద పరీక్ష చేసుకుంటూ దించాలి. ఆ ఐదు రోజులూ ఆ అమ్మాయి నాతో కోపంగా ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

తర్వాత తర్వాత నాకు నిద్ర పట్టనివ్వనిది ఆమె తప్పు కాదు, ఆమె లెక్క. ఆలోచించి చూడండి. మందు పొడిలో ఉంది. నీళ్ళు దాన్ని మింగించడానికే. బిడ్డ తాగగలిగింది గ్లాసు. మిగతా నీళ్ళు పారబోస్తే మందులో చాలా భాగం పారబోసినట్టే. టానిక్కు, బిళ్ళ, సూది, ఏ మందు చూసినా ఈ లెక్కే కదా నడిచేది! ఓఆర్‌ఎస్‌లో మాత్రం మందు పొడి కాదు, ఆ నీళ్ళే మందు. ఉప్పూ గ్లూకోజూ సరైన పాళ్ళలో ఉంటే పేగు నీటిని లోపలికి లాక్కుంటుంది. ఆ పాళ్ళు తప్పితే నీరు ఎదురు తిరుగుతుంది. లీటరంతా తాగించాలని లేదు, ప్రతి విరేచనం తర్వాత రెండేళ్ళలోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో పడితే చాలు, 24 గంటల తర్వాత మిగిలింది పారబోసి కొత్తది కలుపుకోవాలి. ఈ ఒక్క ముక్క నేను చెప్పలేదు. "తెలిసిందా?" అని మాత్రం అడిగాను. ఆ ప్రశ్నకు మన దేశంలో ఏ పేదరాలైనా, తెల్లకోటు ముందో తెల్లచీర ముందో నిలబడి, తెలీలేదని చెప్పగలదా?

"తల్లులకు తెలివి లేదు, ఎంత చెప్పినా అంతే" అనే మాట నేను ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. డాక్టర్ల గదిలో విన్నాను, నర్సుల గదిలో అంతకంటే ఎక్కువ విన్నాను. నేనూ అన్నాను. ఇప్పుడు నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది. మా వార్డులో నేను చూసిన తప్పుల్లో చాలావాటి వెనక ఒక లెక్క ఉంది. ఆ లెక్క ఏమిటో అడగకుండా మనం దాని మీద మన మాట పోస్తాం. నూనె మీద నీళ్ళు పోసినట్టు అది పక్కకు జారిపోతుంది.

జింకు బిళ్ళ సంగతి తీసుకోండి. విరేచనాలు మూడో రోజుకు ఆగిపోతాయి. బిళ్ళ కూడా ఆగిపోతుంది. మిగిలిన పదకొండు బిళ్ళలు డబ్బాలో దాచుకుంటారు, మళ్ళీ వస్తే ఉంటాయని. ఇది నిర్లక్ష్యమా? నా కంటికి అది పొదుపు. ఈ బిళ్ళ ఇప్పటి విరేచనాల కోసం మాత్రమే కాదు, రాబోయే రెండు మూడు నెలల్లో మళ్ళీ రాకుండా పేగుని బాగుచేయడానికి అని చెబితే ఆ పొదుపు బుద్ధే 14 రోజులూ వేయిస్తుంది.

ఓఆర్‌ఎస్ చరిత్రే నా వాదనకు పెద్ద సాక్ష్యం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్ సరిహద్దులో బన్‌గావ్ దగ్గర శరణార్థులు లక్షల్లో వచ్చి పడ్డారు. కలరా అంటుకుంది. సెలైన్ అయిపోతోంది, ఎక్కించడానికి తెలిసిన చేతులు లేవు. దిలీప్ మహలనాబిస్ అనే పిల్లల డాక్టరు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో నీళ్ళతో కలిపించి, రోగుల పక్కన కూర్చున్న తల్లుల చేత, అన్నదమ్ముల చేత గ్లాసులతో తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన శిబిరంలో నాలుగు శాతం లోపుకు దిగాయి. ఆయన 2022లో పోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. అందరూ ఆ పొడి గురించే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ గ్లాసు పట్టుకున్న చేతులే కనిపిస్తాయి. యుద్ధం నడుస్తుండగా, బురదలో, చదువురాని బంధువులకు నేర్పించగలిగారు. ఫ్యాను కింద, మంచం పక్కన, నేను నేర్పించలేకపోయాను.

పొడి సరిగ్గా కలపడం ఒక ఎత్తు, సరైన పొడి కొనుక్కోవడం ఇంకో ఎత్తు. మందుల షాపులో ఓఆర్‌ఎస్ అడిగితే రంగురంగుల అట్టడబ్బా ఇచ్చేవాళ్ళు. లోపల ఉండేది తియ్యటి పళ్ళరసం లాంటిది. పంచదార ఎక్కువైతే పేగులోకి నీరు ఇంకా దిగి విరేచనాలు పెరుగుతాయి. తల్లి దగ్గర డబ్బు తీసుకుని జబ్బు పెంచడమన్నమాట. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశమిచ్చింది. ఆవిడ చేసిన పనిని నేను మెచ్చుకునేది ఇందుకు: తల్లి చదవలేదని తిట్టకుండా, తల్లి చదివినా మోసపోయే అక్షరాలను తీయించారు. నేర్పడమంటే అది కూడా.

చదువున్నవాళ్ళకు ఈ గొడవ లేదనుకునేవాళ్ళ కోసం మా ఇంటి కథ ఒకటి చెబుతాను.

మా చెల్లెలి కూతురు, అల్లుడు డాలస్‌లో ఉంటారు. ఇద్దరూ సాఫ్ట్‌వేరే. ఏడాది దాటిన పాప, పదకొండు కిలోలుంటుంది. ఒక రాత్రి జ్వరం. అక్కడి నర్సు ఫోన్లో బరువడిగి, పారాసిటమాల్ ఐదు మిల్లీలీటర్లు ఇవ్వమంది. అక్కడ దాన్ని అసిటమినోఫెన్ అంటారు. ఇంట్లో ఇక్కడి నుంచి సూట్‌కేసులో తీసుకెళ్ళిన డ్రాప్స్ సీసా ఉంది. ఎందుకో నాకు వీడియో కాల్ చేసింది, "పెద్దమ్మా, డ్రాపరు ఒక మిల్లీయే పడుతోంది, ఐదుసార్లు వెయ్యాలా?" అని. సీసా కెమెరా దగ్గర పెట్టమన్నాను. నా గుండె ఆగినంత పనైంది. అమెరికాలో పిల్లల ద్రావకం ఐదు మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములు. మన డ్రాప్స్ ఒక్క మిల్లీలీటరుకే 100. ఐదు మిల్లీలీటర్లు పోస్తే 500 మిల్లీగ్రాములు, అంటే మూడింతలు. ఒకప్పుడు అక్కడా ఇలాంటి చిక్కటి చుక్కలు ఉండేవి. ఇదే గందరగోళం వల్ల 2011 నుంచి తీసేసి, పసివాళ్ళకూ పెద్దపిల్లలకూ ఒకే చిక్కదనం పెట్టుకున్నారు. మన దగ్గర ఇంకా మూడు రకాలు పక్కపక్కనే అమ్ముతున్నారు: చుక్కలు, ఐదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల సిరప్పు, 250 సిరప్పు. పది కిలోల బిడ్డకు ఒకసారికి 150 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే చుక్కల మందు ఒకటిన్నర మిల్లీలీటరు, 125 సిరప్పు ఆరు, 250 అయితే మూడు. పెట్టె మీద పేరు ఒకటే, బొమ్మ ఒకటే.

వార్డులోనూ ఇదే తప్పు చూశాను, చాలాసార్లు. అడిగితే అందరిదీ ఒకే లెక్క: చిన్న సీసా, పసిపిల్లల మందు, కాబట్టి తేలికది, కాస్త ఎక్కువ పడినా పర్లేదు. ఎంత సహజమైన లెక్కో! అన్నప్రాశన పాయసం చిక్కగా చేస్తామా ఏమిటి? పసిపిల్లలదంటే పల్చగా ఉంటుందనే ఎవరైనా అనుకుంటారు. అసలు కారణం పసిబిడ్డ ఎక్కువ మింగలేదు కాబట్టి తక్కువ చుక్కల్లో ఎక్కువ మందు పెట్టడం. ఇది ఎవరూ చెప్పరు. డాక్టరు చీటీ రాస్తారు, షాపతను సీసా ఇస్తాడు. అది కొనుక్కొచ్చేది తండ్రి, షాపతను చెప్పింది వినేది తండ్రి, తెల్లారి పనికి పోయేదీ తండ్రే. రాత్రి రెండింటికి సీసా పట్టుకునేది తల్లి. చెప్పిన మాట ఒకరి దగ్గర, వెయ్యాల్సిన మందు ఇంకొకరి దగ్గర.

నాయనమ్మల గురించి కూడా ఒక మాట అనాలి, ఎందుకంటే మా వాళ్ళకు వాళ్ళంటే చిరాకు. విరేచనాలైతే పాలు ఆపేయమనేది నాయనమ్మే, ఫిట్స్ వస్తే తాళాలు చేతిలో పెట్టేదీ నాయనమ్మే. ఒకావిడ నాతో వాదించింది: "కడుపులో ఏటీ లేకపోతే ఇరోసనాలేటవుతాయి?" చూడండి, ఇందులోనూ లెక్క ఉంది. పాలు ఆపితే విరేచనాలు తగ్గినట్టే కనిపిస్తాయి కూడా, ఎందుకంటే బయటికి రావడానికి ఏమీ ఉండదు. "నిజమే మామ్మా, తగ్గినట్టుంటాది. కానీ కుండ చిల్లు పడిందని నీళ్ళు పోయడం మానేస్తే కుండ ఎండిపోతాది కదా" అన్నాను. కాసేపు ఊరుకుని, "మరి పాలు పట్టమంటావా?" అంది. తప్పు అన్న మాట నేను వాడలేదు. వాడి ఉంటే ఆవిడ నా ముందు సరేనని, ఇంటికెళ్ళాక పాలు ఆపేసేది.

ఇంకో సంగతి. నెలలు తక్కువగా పుట్టి చప్పరించలేని బిడ్డలకు పాలు పట్టడానికి నవజాత శిశువుల యూనిట్‌లో పలాడై అనే చిన్న ముక్కున్న గిన్నె వాడతాం. ట్రైనింగులో దాన్ని ఎలా వంచాలో, పెదవి మీద ఎక్కడ ఆన్చాలో మాకు బొమ్మలు వేసి నేర్పారు. ఒకటిన్నర కిలోల మనవరాలికి పాలు పట్టడానికి నేను తంటాలు పడుతుంటే పక్కనున్న నాయనమ్మ నవ్వి, "ఉగ్గుగిన్నె అలా కాదమ్మా" అని నా చేతిలోంచి తీసుకుంది. ఒక్క చుక్క బయట పడలేదు. ఆ రోజు ఎవరు ఎవరికి నేర్పారు? అయితే అదే నాయనమ్మ ఆ గిన్నెతో తేనె పడతానంటే ఆపింది నేనే. ఏడాది లోపు తేనె వద్దు. గిన్నె నీది, పాలు తల్లివి, ఇంకేమీ వద్దు అన్నాను. ఒప్పుకుంది, కాస్త బేరమాడాక.

మనకు ఒక గొప్ప వసతి ఉంది, దాన్ని మనం ఇబ్బంది అనుకుంటున్నాం: పిల్లల వార్డులో తల్లి. ఇంగ్లండులో ఒకప్పుడు బిడ్డను ఆస్పత్రిలో వదిలి తల్లి ఇంటికి పోవాల్సిందే. కొన్ని ఆస్పత్రుల్లో వారానికి ఒక్కరోజే చూడనిచ్చేవారు. న్యూకాసిల్‌లో జేమ్స్ స్పెన్స్ లాంటి డాక్టరు 1920ల్లోనే తల్లిని బిడ్డతో పాటు చేర్చుకున్నా, ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ 1959లో చెప్పాక గానీ దేశం కదలడం మొదలుపెట్టలేదు. మన దగ్గర తల్లి లేని పిల్లల వార్డు నేనెప్పుడూ చూడలేదు. రోజుకు 24 గంటలు, మూడు రోజులు, ఐదు రోజులు మన కళ్ళెదుటే కూర్చుని ఉంటుంది. నేర్పడానికి ఇంతకంటే మంచి బడి ఎక్కడ దొరుకుతుంది? మనం ఆమెతో మాట్లాడేది మాత్రం "మంచం మీద కూర్చోకు", "అటెండెంట్లు బయటికి", "ఎన్నిసార్లు చెప్పాలి".

టైము లేదు అంటారు. అది అబద్ధం కాదు. ముప్పై మంచాలకు పగలు ఇద్దరం, రాత్రి ఒక్కరం పనిచేసిన రోజులు నాకు తెలుసు. కానీ ఒకటి గమనించాను. సూది వెయ్యడానికి టైము ఉంటుంది, ఎందుకంటే దానికి కేస్ షీటులో గడి ఉంది, అందులో సంతకం ఉంది, వెయ్యకపోతే మెమో ఉంది. తల్లికి నేర్పడానికి గడి లేదు. చేసినా ఎవరికీ తెలియదు, చెయ్యకపోయినా తెలియదు. ఐఎమ్‌ఎన్‌సీఐ ట్రైనింగులో (పిల్లల జబ్బులను గుర్తించి చూసుకునే పద్ధతి అది) మాకు ఇదంతా చెప్పారు: ముందు అడిగి విను, చేస్తున్న మంచిని మెచ్చుకో, తర్వాత సలహా చెప్పు, చివర అర్థమైందో లేదో చూసుకో, అదీ అవును కాదు అని బదులొచ్చే ప్రశ్నతో కాదు. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. బీరువాలో ఉంది. ట్రైనింగు పాఠంలో అంత ముఖ్యమైనది కేస్ షీటులోకి ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు.

గడి పెడితే మాత్రం అందరూ సంతకాలు గీకేస్తారని మా సీనియర్ సిస్టరు అంది. నిజమే, గీకేస్తాం. అందుకే నేనడిగేది సంతకం గడి కాదు. "తల్లి ఏం చెప్పింది" అని ఒక గడి. ఆమె మాటల్లోనే రాయాలి. "రాత్రి పాప ఎగపోస్తుంటే ఏం చూస్తావు?" అని అడిగి, "నిమిషం ఊపిరి లెక్కెడతాను, ఏడాది లోపు పిల్లకి యాభై దాటితే తెచ్చేస్తాను" అని ఆమె అంటే అదే రాయాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది దాటిన పిల్లకు 40, ఈ అంకెలు బిడ్డ వయసును బట్టి ఆ తల్లికి ఒక్కటి గుర్తుంటే చాలు, మూడూ అక్కర్లేదు. లెక్కపెట్టడానికి ఫోన్‌లో టైమరు అందరి దగ్గరా ఉంది. బిడ్డ నిద్రపోతున్నప్పుడు, చొక్కా ఎత్తి, పొట్ట కదలడం చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టిస్తాను. మొదటిసారి ఎవరికీ సరిగ్గా రాదు. రెండోసారి వస్తుంది. లెక్క ఎంతైనా సరే, అసలు తాగలేకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా ఇంకేమీ చూడకుండా తెచ్చెయ్యాలి. ఈ నాలుగూ ఆమె నాకు తిరిగి చెప్పాక గానీ డిశ్చార్జి చీటీ ఇవ్వను. ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఆ సోడియం బాబు కోసం మేము పెట్టిన ఐదు రోజుల్లో ఇలాంటి ఏడెనిమిది నిమిషాలు ఎన్ని ఉంటాయో లెక్కేసుకోండి.

నర్సుల వల్ల కాదు, తల్లుల వల్ల అసలే కాదు అనేవాళ్ళు గడ్చిరోలి వైపు చూడాలి. మహారాష్ట్రలో, మన తెలంగాణ సరిహద్దు జిల్లాయే. అక్కడ అభయ్ బంగ్, రాణి బంగ్ అనే డాక్టరు దంపతులు పల్లెటూరి ఆడవాళ్ళకే పసిబిడ్డల సంరక్షణ నేర్పి ఇంటింటికీ పంపితే, మూడో ఏడాదికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. ఈ రోజు ఆశా కార్యకర్త బాలింత ఇంటికి 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్ళి బిడ్డను తూచడం వెనక ఆ పనే ఉంది. అన్నట్టు ఆశాలకు ఇచ్చే పారితోషికం గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి, అది కోపంగా ఉంటుంది కూడా.

నా వరకు నేను చేసిన మార్పు చాలా చిన్నది. లీటరు మంచినీళ్ళ సీసా ఖాళీది ఒకటి నర్సుల టేబుల్ మీద పెట్టాను. ఓఆర్‌ఎస్ ఇచ్చే ప్రతి తల్లి చేత, లేదా నాయనమ్మ చేత, నా ఎదుట దాంట్లో నీళ్ళు నింపించి కలిపిస్తాను. తండ్రి ఉంటే తండ్రి చేత కూడా. ఇంట్లో ఇలాంటి సీసా ఉందా అంటే అందరూ ఉందంటారు. ఇది ఆర్డరు కాదు, ఏ రిజిస్టరులోనూ లేదు. నేను సెలవు పెడితే ఆగిపోతుంది.

నిన్న మధ్యాహ్నం కిటికీ పక్క మంచం తల్లి, కొత్తగా వచ్చిన ఇంకో తల్లికి చెబుతోంది. "సీసాడు నీళ్ళు పొయ్యాల. అంతా తాగించాలని లేదు, ఎల్లినప్పుడల్లా సెంచాతో నాలుగు గుక్కలు పట్టు. మిగిలింది రేపు పారబోసీ." గుమ్మం దగ్గరే నిలబడి విన్నాను. కొత్తామె అడిగింది: "పారబోత్తే మందు పోదేటి?"

ఏం చెబుతుందోనని ఆగాను. కిటికీ పక్కామె ఒక్క క్షణం ఆలోచించి, "ఆ సిస్టరమ్మనడుగు, ఆవిడకి తెలుసు" అంది.

లోపలికి వెళ్ళి సీసా కోసం చూస్తే టేబుల్ మీద లేదు. ఊడ్చే ఆమె చెత్తలో వేసేసిందట, ఈ నెలలో మూడోసారి. బయటి కొట్టుకి మనిషిని పంపి ఇంకోటి తెప్పించాను.